పోసిన పైకం, కట్టిన పైకం: ఒక యాత్రాపద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మల్లినాథసూరి వ్యాఖ్యానానికి కూర్చునే ముందు రెండు ఒట్లు పెట్టుకున్నాడు. ఆధారం లేని మాట రాయకూడదు, అక్కరలేని మాట చెప్పకూడదు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటున్నాను. రెండోది, గుడివాడలో ముప్ఫై ఏళ్లు తెలుగు మేష్టరుగా చేసి రిటైరైనవాడి వల్ల అయ్యేది కాదు.

ఈ పద్యకర్త మా బావగారు, అంటే మా అక్క భర్త. బందరు వాస్తవ్యులు. పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులోనే పెట్టిన ఆంధ్రా బ్యాంకులో చేరి, అందులోనే జుట్టు నెరిసి, అందులోనే రిటైరయ్యారు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోతే మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆయనకు పద్యం వృత్తి కాదు, ప్రవృత్తీ కాదు, దగ్గులాంటిది. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు పాఠం చెప్పిన ఊళ్లో పుట్టినవాణ్ణి ఆ మాత్రం దగ్గు పట్టుకోదా అంటారు.

పద్యం పుట్టిన సందర్భం చెప్పాలి. మా అమ్మాయీ అల్లుడూ జర్మనీలో ఉంటారు. వాళ్లను చూసి, ఆ పక్కనున్న పారిస్, స్విట్జర్లాండ్, మిలాన్, రోము కూడా చుట్టి రావాలని ఆరుగురం అనుకున్నాం. నేనూ మా ఆవిడా, బావగారూ అక్కా, దివిసీమ నాగాయలంక నుంచి మా వియ్యంకుడు గారూ వదినగారూ. ప్రయాణం మే నెలలో. ఎందుకంటే కాలువలు కట్టేసి ఉంటాయి, చేలో పని ఉండదు, వియ్యంకుడు గారిని కదిలించగలిగిన నెల అదొక్కటే.

ఆ యేడు నేనొక తెలివైన పని చేశాను. విమానం టికెట్లు చవగ్గా వస్తున్నాయని సంక్రాంతి నాటికే ఆరూ కొనేశాను. వెనక్కి డబ్బు రాదని కింద సన్నక్షరాల్లో ఉంది. సన్నక్షరాలు చదవాలంటే కళ్లజోడు కావాలి, కళ్లజోడు పక్కగదిలో ఉంది. వీసాకి వేలిముద్రలివ్వడానికి హైదరాబాదులో తేదీ దొరికేసరికి ప్రయాణం తేదీ దాటిపోయింది. టికెట్లు అమ్మిన కంపెనీ పేరెందుకులెండి, వాళ్లు తిరిగిచ్చింది పన్నుల చిల్లర. పోయినదాన్ని వియ్యంకుడు గారు ఎకరాల్లోకి మార్చి రెండెకరాల కౌలని తేల్చారు. తేల్చి, ఇంకేమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉంటుంది.

ఆ రాత్రి బావగారు బందరు నుంచి ఫోను చేశారు. ఓదారుస్తారేమో అనుకున్నాను. పద్యం చెప్పారు. వారం తరవాత అదే పద్యాన్ని రైసుమిల్లు తూకం చీటీ వెనక రాసి, తొక్కుడు లడ్డూల పెట్టెలో పెట్టి, గుడివాడ వచ్చే పాసింజరులో తెలిసినవాళ్ల చేత పంపారు. చీటీ నిండా నెయ్యి మరకలు. ఈ పద్యానికి పాఠాంతరం పుట్టడానికి ఆ నెయ్యే మూలం. అది చివర్లో తేలుతుంది. ఆ పద్యం పట్టుకునే తరవాత ఆరుగురం వెళ్లొచ్చాం.

మూలం

వీస చేతికొచ్చు వేళకు ముందుగా
పైకమెల్లఁ బోసి పదరిపోకు
పేరుగొన్న చోటు పెందలకడఁ గొను
తిండి మాట నాటి దినమె చూడు

ఆటవెలది. వీ–వే, పై–ప, పే–పె, తి–ది, నాలుగు యతులూ చెల్లాయి. గణాలు పెన్సిలుతో సరిచూశాను. బ్యాంకు మనిషి కదా, లెక్క తప్పలేదు.

ప్రతిపదార్థం

వీస = పరదేశానికి వెళ్లడానికి ఆ దేశంవారు ఇచ్చే అనుమతి; చేతికి ఒచ్చు వేళకు ముందుగా = అది చేతికందే సమయానికి మునుపు; పైకము ఎల్లన్ = దగ్గరున్న డబ్బునంతటినీ; పోసి = మళ్లీ ఎత్తుకోవడానికి వీల్లేకుండా ఇచ్చేసి; పదరిపోకు = తొందరపడకు; పేరుగొన్న చోటు = ప్రసిద్ధికెక్కిన స్థలమును; పెందలకడన్ = బాగా ముందుగా; కొను = టికెట్టు కొనుక్కొనుము (స్థలాన్ని కొనమని అర్థం చేసుకోరాదు; కృష్ణా జిల్లా వాళ్లకు ఈ హెచ్చరిక అవసరం); తిండి మాట = భోజనం సంగతి; నాటి దినమె = ఆనాడే; చూడు = చూసుకొనుము.

తాత్పర్యం

వీసా రాకముందే తిరిగిరాని డబ్బు కట్టి తొందరపడకు. పేరున్న చోట్లకు ముందే టికెట్లు కొనుక్కో. తిండి గురించి ఇక్కణ్ణుంచే బెంగపడకు.

తాత్పర్యం ఇంతే. ఇంతే అయితే వాట్సాపులో ఒక వాక్యం పంపితే సరిపోయేది. అసలు సంగతి విశేషాల్లో ఉంది.

విశేషాలు

'వీస' అన్నచోట దీర్ఘం తెగింది. సూర్యగణంలో రెండు గురువులు పట్టవు గనక కవి కత్తిరించాడు. వీసా ఇచ్చేవాళ్లు మనకు చేసేదీ ఇదే. ముప్ఫై రోజులు అడిగితే ఇరవై రోజులకు తెగ్గోసి ఇస్తారు. అందువల్ల ఇది ఛందోదోషం కాదని, అర్థానుగుణమైన లోపమని చెప్పి సరిపెట్టుకుందాం. ఇంకొకటి: వీసమంటే పదహారో వంతు. రూపాయిలో వీసమంతైనా తిరిగి చేతికొచ్చే దారి చూసుకోకుండా రూపాయి ఇవ్వకు అని లోపలి అర్థం. నాకు మటుకు ఆ వీసం కూడా రాలేదు.

'చేతికొచ్చు' గ్రామ్యం. చిన్నయసూరి ఉంటే ఒప్పుకోడు. బావగారిని అడిగితే, చేతికి 'వచ్చు' అని రాసేంత మర్యాదగా అదేమైనా వస్తుందా అన్నారు.

ఇక్కడ ఒక పెద్ద ఆక్షేపం ఉంది. వీసా రాకముందు డబ్బు పెట్టొద్దని పద్యం. అయితే వీసా దరఖాస్తుతో పాటు రానూపోనూ విమానం వివరాలు, ఎక్కడ బస చేస్తారో ఆ కాగితాలు, 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా చూపించమని షెంగెన్ దేశాల నిబంధన. బుక్ చెయ్యకపోతే వీసా రాదు, వీసా రాకపోతే బుక్ చెయ్యకూడదు. తర్కశాస్త్రంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషమంటారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అని మన ఇళ్లల్లో అంటారు. రెండూ ఒకటే.

దీనికి సమాధానం పద్యంలోనే ఉంది. 'కట్టి' అనడానికి వీలుండగా కవి 'పోసి' అన్నాడు. గణంలో కట్టి కూడా సరిపోతుంది, నేను చూశాను. కాబట్టి ఆ మాట కావాలనే వేశాడు. కట్టినదాన్ని విప్పుకోవచ్చు. పోసినదాన్ని ఎత్తుకోలేం. గేదెను కడతాం, సాయంత్రానికి విప్పుతాం. బోదె నుంచి చేలోకి వదిలిన నీరు మాత్రం మళ్లీ బోదె ఎక్కదు, కింది రైతు చేలోకి పోతుంది. హోటలు గది ఫలానా తేదీ లోపల రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి ఇస్తామంటే అది కట్టిన పైకం. నాలుగు వేలు తక్కువకు ఇస్తాం గానీ రద్దు లేదు అంటే అది పోసిన పైకం. ఆ నాలుగు వేల ఆశే మనిషి చేత పోయిస్తుంది. వీసా రాకముందు ఎంతైనా కట్టు, ఏదీ పొయ్యకు. దీంతో ఆక్షేపం పోయింది.

కట్టడం, పోయడం అన్న ఈ తేడా నేను ఎక్కడా చదవలేదు. ముప్ఫై ఐదేళ్లు డిపాజిట్ల కౌంటరులో కూర్చున్నవాడికే తట్టాలి.

'వేళ' అనే మాటలో మరో గడువు దాగి ఉంది. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదిహేను రోజులకన్నా ఆలస్యం చెయ్యకూడదు. పెట్టాక మామూలుగా పదిహేను రోజుల్లో తేలుస్తారు, సందేహం వస్తే నలభై ఐదు దాకా సాగుతుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి పెట్టుకోవాలి. ఇవన్నీ పుస్తకంలో ఉన్న గడువులు. పుస్తకంలో లేనిది, వేలిముద్రల తేదీ దొరకడం. వేసవి ముందు ఊరూవాడా అదే క్యూలో ఉంటుంది. మొత్తం యాత్రలో అన్నిటికన్నా ముందు పట్టుకోవలసినది ఈఫిల్ టవరూ కాదు, విమానమూ కాదు, ఆ తేదీ. కవి దాన్ని పైకి చెప్పలేదు, వేళ అన్న మాటలో ధ్వనింపజేశాడు. ధ్వని అర్థం కాని పాఠకుడు రెండెకరాల కౌలు ఇచ్చుకుంటాడు.

ఇక మూడో పాదం. పద్యానికి ఆయువుపట్టు ఇదే.

'పేరుగొన్న చోటు'. ఏది ముందు కొనాలి, ఏది తరవాత కొనాలి అన్నప్పుడు మనం ఖరీదు చూస్తాం. ఎక్కువ ఖరీదైనది ముందు, తక్కువది తరవాత. ఇది పెళ్లి పద్దు రాసే పద్ధతి. కవి ఖరీదు ఊసెత్తలేదు, పేరు అన్నాడు. పేరున్నచోటికి జనం ఎక్కువ, చోటు తక్కువ. చోటు తక్కువైనచోట తల లెక్కన లోపలికి వదులుతారు. తల లెక్కన వదిలేదాన్ని ముందు కొను, డబ్బు లెక్కన ఇచ్చేదాన్ని తరవాత కొను అని సారం.

ఈ ముక్క మనకు ఒకరు చెప్పాలా? తిరుమలలో మూడొందల దర్శనం టికెట్టును ఎవరూ ఖరీదైన వస్తువనరు. అయినా మూడు నెలల ముందే కంప్యూటరు ముందు వేలు పెట్టుకుని కూర్చుంటాం. సంక్రాంతికి ఇంటికొచ్చే పిల్లలు రైలు టికెట్టు కోసం తెల్లారి ఎనిమిదికి అదే పని చేస్తారు. రైల్వేవారు 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషను గడువును 120 రోజుల నుంచి 60కి తగ్గించారు. ఈఫిల్ టవరు లిఫ్టు టికెట్లు కూడా 60 రోజుల ముందే వదులుతారు. ఇది చెప్పగానే మా ఆవిడ, అయితే పారిస్ వెళ్లడం బందరు బండి ఎక్కడం లాంటిదే గదా అంది. అవును. ఆ అరవయ్యో రోజు పొద్దున లేవడమే కిటుకు.

లిఫ్టు దొరక్కపోతే మెట్ల టికెట్టు ఉంది. రెండో అంతస్తు దాకా 674 మెట్లు. పై కొసకు మెట్ల దారి లేదు, అక్కణ్ణుంచి లిఫ్టే. మోకాళ్లున్నవాళ్లు ఆలోచించుకోవాలి.

ఆమ్‌స్టర్‌డాంలో ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇంటికి టికెట్లు ఆన్‌లైన్లోనే. ప్రతి మంగళవారం, ఆరు వారాల తరవాతి రోజులకు వదులుతారు. ఆ ఇల్లు చూస్తే అంతేనా అనిపించేంత ఇరుకట. ఇరుకు గనకనే ఆ నియమం. ఆ ఊరు మా దారిలో లేదు గానీ సూత్రానికి మంచి ఉదాహరణ.

'పేరుగొన్న' అన్నచోట శ్లేష. పేరును పొందిన చోటు అని ఒక అర్థం. మన పేరును పుచ్చుకునే చోటు అని రెండో అర్థం. రోములో కొలోసియం టికెట్టు మీద 2023 అక్టోబరు నుంచి మనిషి పేరు ఉండాలి. గుమ్మం దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. ఇక్కడ తెలుగువాడికి ప్రాణసంకటం. మా వియ్యంకుడు గారి పేరులో ఇంటిపేరు, కులదైవం, తాతగారు, చివర రావు ఉన్నారు. నలుగురూ కలిసి ఒక మనిషి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్లకు వెనక. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి వేరు, పేరు గడి వేరు. నేను ఆయన్ని రావు గారని పిలిచే అలవాటుకొద్దీ ఇంటిపేరు గడిలో రావు అని కొట్టాను. అలా కొడితే ఆయన ఇంట్లో ఆయనే పరాయివాడైపోతాడు. వదినగారు పక్కన కూర్చుని పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని అక్షరం అక్షరం చదివి దిద్దించారు. ఈ శ్లేష బావగారికి తెలిసి వేశారా అంటే, లేదనే నా అనుమానం. వ్యాఖ్యాత చూపించాక కవికి తెలిసి వేసినట్టే లెక్క.

'చోటు' ఏకవచనం. 'చోట్లు' అన్నా గణం చెడదు. అయినా ఒకటే అన్నాడు. రోజుకు వేళ కట్టిన టికెట్టు ఒకటే ఉండాలని ఆదేశం. పొద్దున తొమ్మిదింటికి మ్యూజియం, పన్నెండింటికి టవరు, మూడింటికి పడవ అని కొన్నవాడు యాత్ర చెయ్యడు, పరుగు తీస్తాడు. మధ్యలో అక్కకు కాఫీ తాగాలనిపిస్తే ఏం గాను?

ఇంకో చిక్కు. పేరున్న చోట్లకు సెలవులు కూడా ఉంటాయి. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసేస్తారు. వాటికన్ మ్యూజియాలు ఆదివారాలు మూత, నెలలో చివరి ఆదివారం మటుకు మధ్యాహ్నం దాకా ఉచితం. ఉచితం అన్న మాటకు ఎంతమంది వస్తారో మాఘ పౌర్ణమికి హంసలదీవి దారి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లూవ్ర్ వారు 2026 జనవరి నుంచి యూరపు ఆర్థిక మండలానికి బయటివాళ్లకు టికెట్టు 32 యూరోలు చేశారు. దీనిమీద బావగారు కోప్పడబోతే, తాజ్ మహల్ దగ్గర మనం విదేశీయులకు వేరే రేటు పెట్టలేదా బావగారూ అన్నాను. ఆయన లెక్క వేసుకుని ఊరుకున్నారు.

'పెందలకడ'. ఈ మాట ఇప్పటివాళ్లు పుస్తకం మాట అనుకుంటారు. మా వైపు పెందలాడే, పెందరాళే అని ఇంకా బతికే ఉంది. ఎన్నాళ్ల ముందు కొనాలో చెప్పేదీ ఇదే, ఏ వేళకు కొనాలో చెప్పేదీ ఇదే. ముందుగా కొను, అందులోనూ పొద్దుటి వేళకే కొను. పొద్దుటివేళ ఎండ ఉండదు, జనం ఉండరు, మోకాళ్లు ఇంకా మాట వింటాయి.

ఇక్కడ బందరు గాలి కొంచెం పోసుకోవాలి. ముందుగా చూసుకోవడమనేది ఈ ఊరికి కొత్త విద్య కాదు. 1605లో డచ్చివారు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువారు ఈ రేవుకు వచ్చారు. టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు 1652లో పర్షియా రేవు నుంచి గోలకొండ సుల్తాను ఓడ ఎక్కి బందరులో దిగాడు. అది ఏడాదికొక్కసారి తిరిగే ఓడ. తప్పితే మళ్లీ ఏడాది. రుతుపవనమే టైంటేబులు, గాలే గార్డు. కలంకారీ అద్దకం బట్టలు ఓడకు అందాలంటే, అద్దేవాడికి నెలల ముందే బయానా ఇవ్వాలి. అది కట్టిన పైకమా పోసిన పైకమా అంటే, ఓడ మునగకపోతే కట్టినది, మునిగితే పోసినది. ఇలాంటి రేవులో పుట్టారు గనకనే బావగారు అన్నీ ముందే చూసుకోవాలంటారు.

శాఖాభేదం

ఏ గొప్ప గ్రంథానికైనా ముగ్గురు భాష్యకారులు కావాలి. మా పద్యానికీ ముగ్గురున్నారు.

బందరు శాఖ బావగారిది. వీసా ఒక్కటి చేతికొచ్చాక ఇక అన్నీ ముందే కొనెయ్యాలి, రైళ్లు, టవర్లు, పడవలు, వీలైతే గొడుగు కూడా. గుడివాడ శాఖ నాది. జంక్షను స్టేషనున్న ఊరు మాది. బెజవాడకు ఒక దారి, బందరుకు ఒకటి, భీమవరం వైపు ఒకటి. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏ బండి ముందొస్తే దానికి మనసు మార్చుకోగలిగినవాళ్లం. అందుకని రద్దుకు వీలున్నవే కొనాలంటాను. రెండెకరాల తరవాత వచ్చిన జ్ఞానం లెండి.

దివిసీమ శాఖ వియ్యంకుడు గారిది. ఏదీ కొనొద్దు, వెళ్లి చూద్దాం. ఆయన ఎదురుమొండి దీవికి ఏటిమొగ పంటు మీద పోతూ వస్తూ పెరిగిన మనిషి. పంటు ఈవలి ఒడ్డున ఉంటే ఎక్కుతారు, ఆవలి ఒడ్డున ఉంటే చుట్ట కాలుస్తూ ఆగుతారు. దానికి ముందు టికెట్టేమిటి? మొదట్లో మేం ఈ శాఖను పిసినారితనం కింద జమకట్టాం. ఒకసారి ఆయనే చెప్పారు. 1977 నవంబరు 19కి వాళ్ల ఇంట్లో ఆ యేటి పంట మీద ఒక పెళ్లి, ఒక పెంకుటిల్లు, ఒక అప్పు తీరడం లెక్క రాసి పెట్టుకున్నారట. ఉప్పెన వచ్చింది. లెక్క రాసిన పుస్తకం కూడా మిగల్లేదు. ఆయన అంతకుమించి చెప్పలేదు. ఆ తరవాత నేను వాదించలేదు.

ముగ్గురిలో ఎవరిది ఒప్పు? వ్యాఖ్యాతగా నా తీర్పు ఏమిటంటే, ఇది మనిషిని బట్టి తేలేది కాదు, చూడబోయే వస్తువును బట్టి తేలేది. ఫ్రాన్సులో వేగం రైలుకు సీటు రిజర్వేషను లేనిదే ఎక్కనివ్వరు, రోజు దగ్గరపడేకొద్దీ ధర విమానంలా పైకి పోతుంది. అక్కడ బందరు శాఖే ప్రమాణం. స్విట్జర్లాండులో మామూలు రైళ్లకు టికెట్టుంటే చాలు, ఎక్కి కూర్చోవడమే, మా గుడివాడ పాసింజరు లాగే. తేడా అల్లా అది చెప్పిన నిమిషానికి వస్తుంది. అక్కడ బావగారు సీట్లకు డబ్బు కట్టబోతే మా అల్లుడు ఆపాడు.

యుంగ్‌ఫ్రావ్‌యోక్ ఉంది. అదే స్విట్జర్లాండులో 3,454 మీటర్ల ఎత్తున, మంచుకొండ భుజం మీద రైలు స్టేషను. 1912 నుంచి అక్కడిదాకా రైలు నడుస్తోంది. టికెట్టు ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి. ఇంత ఖరీదైనది గనక ముందే కొనాలని బావగారు. మబ్బు పడితే ఏం కనిపిస్తుంది బావగారూ అని వియ్యంకుడు గారు. మబ్బు పడితే తెల్లటి గోడ కనిపిస్తుంది. నెలల ముందు తేదీ కొన్నవాడు ఆ తెల్లగోడకు డబ్బు పోసినవాడే. ముందురోజు సాయంత్రం కొండ మీది కెమెరా బొమ్మలో ఆకాశం చూసి, వియ్యంకుడు గారు కిటికీ తీసి గాలి చూసి, రేపు ఎక్కుదాం అన్నారు. పొద్దున టికెట్లు కొన్నాం. ఆకాశం అద్దంలా ఉంది. ఆ రోజు నుంచి దివిసీమ శాఖకు బావగారు కూడా నమస్కారం పెడుతున్నారు.

అంటే పద్యంలో ఒక లోపం ఉంది. పేరున్నదే అయినా ఆకాశం చూసి కొనవలసినదాన్ని కవి పెందలకడ కొనమన్నాడు. ఈ ఒక్కచోట మూలాన్ని దిద్దుకుని చదువుకోవాలి. కవి బతికే ఉన్నారు, ఒప్పుకున్నారు.

తిండి మాట

నాలుగో పాదం మీద ఆక్షేపాలు ఎక్కువ. 'నాటి దినము' పునరుక్తి, నాడన్నా దినమన్నా ఒకటే కదా అని మొదటిది. యతికి 'ది' కావలసి వచ్చింది, మరేం లేదు. అయినా ఆకలి రోజుకు రెండుసార్లు వేస్తుంది గనక రోజును రెండుసార్లు చెప్పినా తప్పులేదని సమర్థిస్తున్నాను.

రెండో ఆక్షేపం గట్టిది. తిండి సంగతి ఆనాడే చూడమన్నాడు కవి. అయితే మిలానులో ఒక భోజనం ఉంది. లియొనార్డో 1490ల చివర ఒక మఠం భోజనశాల గోడ మీద వేసిన ఏసుక్రీస్తు కడపటి విందు. దాన్ని చూడడానికి కొద్దిమందిని గుంపుగా పంపి పదిహేను నిమిషాలకు బయటకు పంపేస్తారు. టికెట్లు నెలల ముందే అయిపోతాయి. ఆ తిండిని నాటి దినమే చూసుకుందామనుకుంటే తలుపు చూసి రావాలి. కాబట్టి నాలుగో పాదానికి అతివ్యాప్తి దోషం ఉందా? లేదు. అది తిండి గోడ మీద ఉంది, పేరుగొన్న చోటు కిందికి వస్తుంది. మూడో పాదమే వర్తిస్తుంది. బావగారు ఆరు టికెట్లూ సమయానికి పట్టుకున్నారు. పదిహేను నిమిషాల్లో పది నిమిషాలు మా అక్క, వాళ్ల ముందున్న పళ్లాల్లో ఏముందో చూస్తూ నిలబడింది.

ఇక నెయ్యి మరక. చీటీ మీద 'మాట' అన్నచోట సరిగ్గా తలకట్టు దగ్గర మరక. బావగారు 'తిండి మాట' అని రాశానంటారు. మా ఆవిడ చీటీని వెలుతురులో పెట్టి చూసి 'తిండి మూట' అని చదివింది. గురువు గురువే, గణం చెడదు. అర్థం మటుకు తలకిందులవుతుంది. తిండి గురించి బెంగ వద్దని మొదటి పాఠం. తిండి మూటను ప్రయాణం రోజునే కట్టుకో, ముందే కడితే పాడవుతుందని రెండో పాఠం. మా ఇంట్లో రెండో పాఠమే అమల్లో ఉంది. కారప్పొడి, చింతపండు పులుసు, అప్పడాలు, రెండు సీసాల ఆవకాయ కట్టారు. సీసాల మూతలకు టేపు, దాని మీద కవరు, దాని మీద వియ్యంకుడు గారి పాత లుంగీ. నెయ్యి డబ్బా మాత్రం నేను తీయించాను. మాంసం, పాలు, వాటితో చేసినవి సామానులో తీసుకురావద్దని యూరపు యూనియన్ నియమం. తొక్కుడు లడ్డూ మిఠాయి కిందికి వస్తుందా, నెయ్యి కిందికి వస్తుందా అని మీమాంస లేచింది. బందరు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని, దాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదని బావగారు వాదించారు. ఆ గుర్తింపు ఎవరు తయారు చేయాలో చెబుతుంది గానీ ఎవరు మోసుకుపోవాలో చెప్పదు. మీమాంస తేలేలోగా పిల్లలకని కట్టిన పెట్టె ఇంట్లోవాళ్లే ఖాళీ చేశారు.

ముందే డబ్బు కట్టిన తిండి ఒకటుంటుంది. ప్యాకేజీ యాత్రల్లో రాత్రికి ఇండియన్ డిన్నరు అని కలిపి అమ్ముతారు. దానికి నేను వ్యతిరేకిని. ఆ పప్పు కోసం పొద్దుగూకకముందే మంచి వీధి వదిలేసి బస్సెక్కాలి. మేం తీసుకున్నది వంటగది ఉన్న బస, రద్దుకు వీలున్నదే. మొత్తం యాత్రలో మా ఆడవాళ్లు అన్నిటికన్నా మెచ్చుకున్న బుకింగు అదే.

పారిస్‌లో టవరు రోజు పొద్దున వదినగారు లేచి పులిహోర కలిపారు. మూట నాటి దినమే కట్టారు. అరవై రోజుల ముందు అలారం పెట్టుకుని బావగారు కొన్న లిఫ్టు టికెట్లు ఆరు. ఐదుగురం ఎక్కాం. వియ్యంకుడు గారు, పైన గాలి ఎక్కువగా ఉంటుందని, కింద షాన్ ద మార్స్ గడ్డి మీదే కూర్చున్నారు. మేం దిగొచ్చేసరికి మూటలో సగం ఉంది. ఆ గడ్డికి టికెట్టు లేదు.